కట్టుడు పళ్ళ గడువు

ఆ వారం మా ఇంట్లో ఎవరిని ఏమడిగినా ఒకటే జవాబు. నీ ఇష్టం. ఈ మాట కనిపెట్టినవాడు ఎప్పుడైనా నాకు ఎదురుపడితే వాడి పళ్ళు మత్తుమందు లేకుండా పీకుతాను. పీకడం నాకు బాగా వచ్చు. కాకపోతే ఈ దేశంలో పీకే హక్కు లేదు.

నేను పళ్ళ డాక్టర్ని. ఇక్కడ కాదు, మేం వచ్చిన చోట. అక్కడ ఏళ్ళ తరబడి సొంత క్లినిక్ నడిపాను. మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. ఆయనకి ఇక్కడ ఉద్యోగం దొరికితే అత్తయ్యని, మా అమ్మాయిని వెంటబెట్టుకుని అందరం వచ్చేశాం. దిగీ దిగగానే ఆయన పనిలో చేరిపోయాడు. లిఫ్టు ఏ దేశంలోనైనా పైకీ కిందకీ తిరుగుతుంది కదా. పన్ను మాత్రం సరిహద్దు దాటగానే వేరే పన్ను అయిపోతుందట. నా పట్టా ఇక్కడ చెల్లదన్నారు. మళ్ళీ ఇక్కడి డెంటల్ కాలేజీలో చేరి వాళ్ళ పట్టా తెచ్చుకుంటే తప్ప ఎవరి నోట్లోనూ చెయ్యి పెట్టకూడదన్నారు. అంచేత ఆరేళ్ళుగా ఒక క్లినిక్‌లో ఇంకో డాక్టరు పక్కన నిలబడి, పేషెంటు నోట్లో ఊరే నీళ్ళని గొట్టంతో పీలుస్తున్నాను.

ఆ ఆరేళ్ళూ పగలు గొట్టం, సాయంత్రం పుస్తకం. పరీక్షలు రాశాను, తప్పాను, మళ్ళీ రాశాను. చివరికి రెండు కాలేజీలు ఒకే వారంలో సీటిస్తామన్నాయి. ఒకటి మా ఇంటి నుంచి బస్సులో వెళ్ళి రాగలిగేది. అది నాలుగేళ్ళు. ఇరవయ్యేళ్ళ పిల్లల మధ్య కూర్చుని దాదాపు మొదటి నుంచీ చదవాలి. రెండోది రైల్లో ఒక పగలంతా పోయేంత దూరం. అది రెండేళ్ళు. నాలాగా బయట చదివి వచ్చిన డాక్టర్ల కోసమే పెట్టింది. అక్కడే గది తీసుకుని ఉండాలి, నెలకో రెండు నెలలకో ఇంటి మొహం చూడాలి. ఏదో ఒకటి శుక్రవారం సాయంత్రంలోగా చెప్పాలి. చెప్పకపోతే రెండూ పోతాయి. ఇదంతా మళ్ళీ మొదట్నుంచీ మొదలుపెట్టే ఓపిక నాలో లేదు.

"ఏది తీసుకోమంటారు?" అని సోమవారం భోజనాల దగ్గర మా ఆయన్ని అడిగాను.

ఆయన కాసేపు నీళ్ళు నమిలాడు. "నీ ఇష్టం," అన్నాడు.

"నా ఇష్టం సంగతి నేను చూసుకుంటా. మీకేమనిపిస్తోందో చెప్పండి."

"దగ్గరిది అంటే, నా వల్లే రెండేళ్ళు వృథా అయ్యాయని రేపు నన్నే అంటావు. దూరంది అంటే, ఇంట్లోంచి పంపేశానంటావు. నాకెందుకొచ్చిన గొడవ."

"అంటే మాట పడకుండా తప్పుకుంటున్నారు."

"అవును," అన్నాడు, ఏ మాత్రం సిగ్గుపడకుండా.

ఆ నిజాయితీకి మెచ్చుకోవాలో, చేతిలో కంచం విసరాలో తెలియలేదు. విసిరితే తుడవాల్సింది మళ్ళీ నేనే కాబట్టి ఊరుకున్నాను.

మా అమ్మాయి చిట్టి అప్పుడే పెద్ద ఆరిందాలా అందుకుంది. "దగ్గరిదైతే మనిద్దరం కలిసి హోంవర్క్ చేసుకోవచ్చమ్మా. దూరంది అయితే నేను నీ మంచం మీద పడుకోవచ్చు. నీ ఇష్టం."

అత్తయ్య గిన్నెలో పాలు పోసుకుని, రొట్టె ముక్కలు నానబెట్టుకుని, చెంచాతో మెల్లగా తింటోంది. ఆవిడకి మొదట్నుంచీ మాటలు తక్కువ, చూపులు ఎక్కువ. ఇక్కడికి వచ్చాక ఆ ఉన్న నాలుగు మాటలూ తగ్గిపోయాయి. ఇక్కడి భాష నేర్చుకోలేదు. గడప దాటితే పక్కన ఎవరో ఒకరు ఉండాల్సిందే. పగలంతా కిటికీ దగ్గర కూర్చుని, కింద వెళ్ళే బస్సులని చూస్తూ ఉంటుంది.

మంగళవారం క్లినిక్‌లో మా డాక్టరు అడిగాడు. ఆయన నాకంటే చిన్నవాడు, మంచివాడు, పని తెలిసినవాడు. మంచివాళ్ళ దగ్గర పనిచేయడంలో ఉన్న కష్టమేమిటంటే, తిట్టుకోవడానికి కూడా ఏమీ దొరకదు.

"నిర్ణయించుకున్నారా?"

"ఇంకా లేదండి."

"వెళ్ళకుండా ఇక్కడే ఉన్నా నాకు సంతోషమే. మిమ్మల్ని అసిస్టెంట్లందరికీ పెద్దగా పెడతాను. ఆలోచించండి. మీ ఇష్టం."

నేను నవ్వి, తర్వాతి పేషెంటు కోసం కుర్చీ తుడిచాను. రోజుకి ఎన్నిసార్లు తుడుస్తానో లెక్కలేదు. కుర్చీ తుడవడం, ట్రే సర్దడం, లైటు దించడం, గొట్టం పట్టుకోవడం. డ్రిల్లు నుంచి నీళ్ళు చిమ్ముతుంటే అవి ఎటు పారతాయో చూసి గొట్టం అటు తిప్పాలి. ఆయన పన్ను చూస్తాడు, నేను నీళ్ళు చూస్తాను. మొదట్లో నా కళ్ళు కూడా పన్ను మీదికే పోయేవి. 'అక్కడ ఇంకాస్త పుచ్చు ఉంది, వదిలేస్తున్నారు' అని నాలుక చివరిదాకా వచ్చేది, వచ్చేలోపే ఆయనే చూసుకునేవాడు. రానురాను నా కళ్ళు నీళ్ళకి అలవాటు పడ్డాయి. సాయంత్రానికి కాళ్ళు పీకుతాయి, నడుము పట్టేస్తుంది, కానీ చేతులకి ఏ నొప్పీ ఉండదు. ఆ నొప్పి లేకపోవడమే నన్ను భయపెడుతోంది.

నిజం చెప్పాలంటే, ఆ వారం నాకు కాలేజీ ఎంచుకోవాలని లేదు. శుక్రవారం దానంతటదే వచ్చి, దానంతటదే వెళ్ళిపోతే బాగుండునని ఉంది. అప్పుడు ఎవరినీ అడగక్కర్లేదు. అయ్యో గడువు దాటిపోయిందే అని ఒక పూట ఏడ్చి, మర్నాడు పోయి కుర్చీ తుడుచుకోవచ్చు.

రెండు కాలేజీలూ అంతకుముందే చూసి వచ్చాను మరి. దగ్గరి కాలేజీలో ఒక పెద్దాయన నన్ను ఎంతో మర్యాదగా అంతా తిప్పి చూపించాడు. పొడవాటి గదిలో పిల్లలు బెంచీల మీద వంగి, మైనం ముద్దని కత్తితో చెక్కి పన్ను చేస్తున్నారు. చదువులో చేరిన మొదటి రోజుల్లో అందరం చేసే పనే అది. "మీరూ ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. మీ పాత అలవాట్లన్నీ చెరిపేసి కొత్తగా నేర్పిస్తాం," అన్నాడు ఆయన. మాట మెత్తగానే ఉంది. ఒక పిల్ల తలెత్తి, "మేడమ్, మీరు మా కొత్త ప్రొఫెసరా?" అని అడిగింది. "కాదమ్మా, నీ పక్క బెంచీ," అన్నాను. పాపం ఆ పిల్ల మొహం వాడిపోయింది. నేనే దాన్ని ఓదార్చి వచ్చాను.

దూరం కాలేజీలో చేతిపని పరీక్ష పెట్టారు. కడ్డీకి బిగించిన ప్లాస్టిక్ తల ఒకటి ఉంటుంది. దానికి రబ్బరు బుగ్గలు, నోట్లో ప్లాస్టిక్ పళ్ళు. అందులో ఒక దవడ పన్నుని క్యాప్ వేయడానికి వీలుగా అరగదీసి చూపించాలి. నాలాంటివాళ్ళు గది నిండా ఉన్నారు. అందరూ డాక్టర్లే. నేను డ్రిల్లు పట్టుకుని ఎంత కాలమైందో. మొదట వేళ్ళు మాట వినలేదు. తర్వాత చిటికెన వేలు దానంతటదే వెళ్ళి ఆ ప్లాస్టిక్ గడ్డం మీద ఆనింది, నా క్లినిక్‌లో ఆనినట్టే. ఇక ఆ తర్వాత ఏం జరిగిందో నాకు తెలియదు. పని అయిపోయింది. అయిపోగానే అలవాటుగా ఆ తలని పైకి లేపి, "అయిపోయిందండీ, పుక్కిలించి ఉమ్మండి" అన్నాను. అదీ తెలుగులో.

రబ్బరు బుగ్గల్లో నిండిన నీళ్ళన్నీ ఒక్కసారిగా బయటికొచ్చి, పక్కన నిలబడ్డ పరీక్షకురాలి బూట్ల మీద పడ్డాయి. గదిలో డ్రిల్లులన్నీ ఆగిపోయాయి. భూమి చీలితే అందులోకి దిగిపోదును. ఆవిడ కాగితంతో బూట్లు తుడుచుకుని, "దానితో ఏమన్నారు?" అని అడిగింది. చెప్పాను. ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. ఏదో రాసుకుని పక్క బెంచీకి వెళ్ళిపోయింది. నాకు సీటు వచ్చింది ఆ మాట వల్లో, ఆ మాట అన్నా కూడానో, ఇప్పటికీ తెలియదు.

గురువారం నేను ఇంటికొచ్చేసరికి చిట్టి గుమ్మంలోనే కాచుకుని ఉంది.

"అమ్మా, నానమ్మ ఆపిల్‌ని చెంచాతో గీక్కుని తింటోంది. పసిపిల్లలకి పెడతారే, అలాగ."

పాలల్లో రొట్టె. చెంచాతో ఆపిల్. ఎన్ని వారాలుగా నా కళ్ళ ముందే తింటోంది ఆవిడ అలా. నేను ఆ గిన్నె కడుగుతున్నాను కూడా.

అత్తయ్య పెట్టుకునే కట్టుడు పళ్ళు నేను చేసినవే. అసలు మా సంబంధమే అలా మొదలైంది. పై పళ్ళూ కింది పళ్ళూ అన్నీ పోయి, ఆవిడ నా క్లినిక్‌కి పేషెంటుగా వచ్చింది. అచ్చు తీసుకోవడానికి ఒకసారి, కొలతకి ఒకసారి, సరిచూడ్డానికి ఒకసారి వచ్చింది. పళ్ళు పెట్టిన రోజు అద్దంలో చూసుకుని, "నీకు పెళ్ళయిందా అమ్మాయ్?" అంది. తర్వాతి వారం కొడుకుని వెంటేసుకొచ్చింది, పంటి నొప్పి అని వంక పెట్టి. ఆయనకి ఏ నొప్పీ లేదు. ఆ సంగతి ఆయన నోరు చూడగానే నాకు తెలిసిపోయింది.

కిటికీ దగ్గరికి వెళ్ళి ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. "అత్తయ్యా, పళ్ళు బాధపెడుతున్నాయా?"

"బాగానే ఉన్నాయి."

"ఒకసారి చూడనివ్వండి."

"ఎందుకు చూడటం. బాగానే ఉన్నాయన్నాగా."

"డాక్టర్ని ఇంట్లో పెట్టుకుని నోరు చూపించరేంటి?"

"నువ్విక్కడ డాక్టరువి కాదుగా," అంది. అని, నా మొహం చూసి, "అయ్యాక చూద్దువులే," అని కిటికీ వైపు తిరిగింది.

ఆరేళ్ళలో నన్ను ఎవరూ అలా అనలేదు. అందరూ అది చెప్పకుండానే చెప్పారు, కాగితాల మీదా, మర్యాదగా, బాధపడుతూ. ఆవిడ నోటితో అనేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. బాత్రూంలోకి వెళ్ళి మొహం కడుక్కుని, పళ్ళు నూరుకుంటూ కాసేపు నిలబడి, చేతులు మోచేతుల దాకా సబ్బుతో రుద్ది కడిగి, బయటికొచ్చాను. ఆవిడ ముందు నిలబడి ఫోనులో లైటు వేశాను.

"నోరు తెరవండి," అన్నాను.

అది బతిమాలే గొంతు కాదు. నాకే వింతగా వినిపించింది. ఎప్పుడో వదిలేసి వచ్చిన నా క్లినిక్‌ గొంతు. అత్తయ్య నోరు తెరిచింది.

కింది పళ్ళు తీశాను. లోపల, ఎడమ వైపు, పళ్ళ అంచు ఒరుసుకునే చోట చిగురు మీద పప్పు బద్దంత పుండు. చుట్టూ ఎర్రగా కందిపోయింది. ఎముక అరిగి చిగురు కుంచించుకుపోయింది. పళ్ళు వదులై కదులుతున్నాయి, కదిలినప్పుడల్లా అక్కడే కోస్తున్నాయి.

"ఎన్నాళ్ళయింది ఇది?"

"నువ్వు ఆ దూరం ఊరికి పరీక్షకి వెళ్ళకముందు నుంచీ."

"ఇన్నాళ్ళూ పంటి బిగువున ఓర్చుకుని కూర్చున్నారా? నాతో ఒక్క మాట చెబితే ఏం పోయింది?"

"చెబితే వెళ్ళేదానివా పరీక్షకి?"

చేతిలోని పళ్ళని లైటు కింద తిప్పి చూశాను. ఆ పళ్ళ అంచు కాస్త అరగదీస్తే సగం బాధ తగ్గుతుంది. నాకు చిటికెలో పని. కానీ పట్టా లేకుండా ఆ పని చేశానని తెలిస్తే రెండు సీట్లూ పోతాయి. ఇంట్లో సొంత మనిషికి, నేనే చేసిన పళ్ళకి చేసినా సరే. పళ్ళు కడిగి నీళ్ళ గిన్నెలో పెట్టి, రేపు పొద్దున్నే నాతో క్లినిక్‌కి రావాలని చెప్పాను.

"ఎవడో నా నోట్లో చెయ్యి పెడతానంటే ఊరుకోను," అంది.

"నేను పక్కనే ఉంటాను కదా అత్తయ్యా."

మా ఆయన రాగానే చెప్పేశాను. "తేలిపోయింది. దగ్గరి కాలేజీయే. ఈవిణ్ణి ఇలా వదిలేసి నేనెక్కడికీ వెళ్ళను."

"నీ ఇష్టం," అన్నాడు. ఈసారి నీళ్ళు నమల్లేదు. బరువు దింపుకున్న మనిషిలా హాయిగా కూర్చుని, బూట్లు విప్పుకున్నాడు. నాలుగేళ్ళు మైనం ముద్దలు చెక్కాలని తలుచుకుంటే నాకు ఏడుపు రావాలి. రాలేదు. అలిసిపోయినవాళ్ళకి ఏదో ఒకటి తేలిపోతే చాలు. అత్తయ్య మాత్రం నావైపు అదోలా చూసి, తన గదిలోకి వెళ్ళిపోయింది.

శుక్రవారం పొద్దున మొదటి పేషెంటు రాకముందే డాక్టరు అత్తయ్యని కుర్చీలో పడుకోబెట్టాడు. ఆవిడ చేతిసంచీ పొట్ట మీద పెట్టుకుని, రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, కర్రలా బిగుసుకుని పడుకుంది. నేను ఎప్పటిలాగే ఎడమ వైపు నిలబడి గొట్టం అందుకున్నాను.

నోరు తెరవమని డాక్టరు తన భాషలో చెప్పాడు. ఆవిడ నావైపు చూసింది. నేను చెప్పాక తెరిచింది. ఆయన ఎంత నెమ్మదిగా వేలు పెట్టాడో నేను చూశాను, కానీ పుండు తగిలిందో లేదో ఠక్కున నోరు మూసేసింది. నోట్లో వేలు పెడితే కొరకలేరని కొందరిని అంటుంటాం. మా అత్తయ్య పళ్ళు లేకుండానే కొరికింది. డాక్టరు చెయ్యి విదిలించుకుని నవ్వాడు. "గట్టి దవడ," అన్నాడు. ఆయన మంచివాడని ముందే చెప్పాను కదా.

ఆయన పుండు చూశాడు, పళ్ళు తిప్పి చూశాడు, ఒరుసుకునే అంచు అరగదీశాడు. పుండు మానుతుందో లేదో రెండు వారాలకి మళ్ళీ చూస్తానన్నాడు. తర్వాత పళ్ళ లోపలి వైపు మెత్తటి పొర ఒకటి పోసి, నోట్లో పెట్టి, అది గట్టిపడేదాకా పళ్ళు కలిపి కదలకుండా ఉండమన్నాడు. నేను తెలుగులో చెప్పాను. ఆవిడ నోరు బిగించుకుని పడుకుంది.

ఆ ఖాళీలో డాక్టరు నాతో అన్నాడు, "పని చక్కగా ఉంది, కానీ ఇక వీటి కాలం అయిపోవచ్చింది. అడుగు పలచబడింది, ఎముక అరిగింది. కొత్తవి చేయించాలి. ఇవాళే అచ్చు తీసుకుందామా?"

అత్తయ్యకి చెప్పాను. నోరు తెరవకుండానే తల అడ్డంగా ఊపింది.

"పొర పాడైనప్పుడల్లా మారుస్తూ ఉంటే ఎన్నాళ్ళు లాగొచ్చు?" అని నేనే అడిగాను.

ఆయన ఆలోచించాడు. "జాగ్రత్తగా ఉంటే రెండేళ్ళు. అంతకుమించి నేను మాటివ్వలేను."

అదీ చెప్పాను. అత్తయ్య చేతిసంచీ మీద నుంచి కుడి చెయ్యి తీసి, రెండు వేళ్ళు ఎత్తి నాకు చూపించింది.

"అవునత్తయ్యా. రెండేళ్ళే ఆగుతాయట."

కాదన్నట్టు తల ఊపి, ఆ రెండు వేళ్ళూ నా గుండె మీద పొడిచినట్టు చూపించింది. నాకు అర్థం కాలేదు. మళ్ళీ పొడిచింది. మాట్లాడొద్దని డాక్టరు సైగ చేస్తున్నాడు. ఆవిడ కళ్ళు చిట్లించి, నా బుర్రకి ఎక్కడం లేదని విసుక్కుంటోంది. అప్పటికి నాకు తట్టింది. తట్టినా, కావాలనే గొట్టం వైపు చూస్తూ నిలబడ్డాను.

పొర గట్టిపడింది. డాక్టరు పళ్ళు బయటికి తీశాడో లేదో, ఆవిడ బోసినోటితోనే మొదలుపెట్టింది.

"కొత్త పళ్ళు ఇతను చెయ్యడానికి వీల్లేదు. నా పళ్ళు నువ్వే చెయ్యాలి. ఇవి రెండేళ్ళే ఆగుతాయంటున్నాడు కదా. నువ్వు నాలుగేళ్ళ కాలేజీలో కూర్చుంటే ఆ మిగతా రెండేళ్ళూ నేనేం తినాలి?"

"అత్తయ్యా, నేను వెళ్తే ఇల్లెవరు చూస్తారు? చిట్టినెవరు స్కూలుకి తీసుకెళ్తారు? ఆయన డ్యూటీలు చూశారుగా, ఏ పూట ఎక్కడుంటారో తెలీదు."

"నేను లేనూ?"

"మీరు ఒక్కరే వీధిలోకి కూడా వెళ్ళరు."

"అది నా గొడవ. వారం నుంచీ వింటున్నా. నీ ఇష్టం, నీ ఇష్టం అని ఇంటిల్లిపాదీ ఒకటే పాట. నీ ఇష్టం ఎవరిక్కావాలి? నాకు పళ్ళు కావాలి."

గొట్టం నా చేతిలో గాలి పీలుస్తూ గుర్రుమంటోంది. ఆపడం మర్చిపోయాను. ఇన్నాళ్ళలో నన్ను ఒక్కరూ ఏదీ అడగలేదు. నువ్వు కష్టపడుతున్నావన్నారు, నీ ఓపిక చూసుకో అన్నారు, నీ ఇష్టం అన్నారు. నా చెయ్యి తనకి కావాలని అన్న మనిషి ఈవిడ ఒక్కతే. నాకు ఏడుపొచ్చింది. మాస్కు ఉంది కాబట్టి సగమే కనిపించింది.

"ఏమంటున్నారావిడ?" అన్నాడు డాక్టరు కంగారుగా. "బాగా నొప్పిగా ఉందా?"

"దూరం కాలేజీకి వెళ్ళమంటోందండి."

"ఎందుకు?"

"ఆవిడకి పళ్ళు కావాలట."

డాక్టరు ఆవిణ్ణీ నన్నూ మార్చి మార్చి చూసి, ఇంకేమీ అడక్కుండా గ్లవ్స్ తీసేశాడు. నేను కుర్చీ పైకి లేపి, నీళ్ళ గ్లాసు అందించాను.

"అయిపోయిందండీ, పుక్కిలించి ఉమ్మండి."

ఆవిడ పుక్కిలించి, శుభ్రంగా తొట్టిలోనే ఉమ్మింది.

ఆవిణ్ణి ఇంట్లో దింపి రావడానికి పర్మిషన్ తీసుకున్నాను. బస్టాపులో నిలబడి ఫోను తీసి, దూరం కాలేజీకి వస్తున్నానని రాశాను. పంపించేముందు వేలు ఆగింది. మా ఆయన రాత్రి బూట్లు విప్పుకుని హాయిగా కూర్చోవడం గుర్తొచ్చింది. చిట్టి నా మంచం మీద పడుకోవడం గుర్తొచ్చింది. దాని ఎత్తు నెలకోసారి చూస్తే ఎలా ఉంటుందో అనుకున్నాను. పక్కన అత్తయ్య కొత్త పొర వేసిన పళ్ళని నాలుకతో అటూ ఇటూ తడుముకుంటూ, నావైపు చూడకుండా నిలబడి ఉంది.

"పంపావా?"

నొక్కాను. "పంపాను."

"మనింటికి వెళ్ళే బస్సు ఏదో చెప్పు."

నంబరు చెప్పాను. ఎన్ని స్టాపులు దాటాలి, ఏ షాపు కనపడితే లేచి నిలబడాలి, ఏ బొత్తాం నొక్కాలి అన్నీ అడిగింది. చిన్నపిల్లకి చెప్పినట్టు అన్నీ చెప్పాను. బస్సు వచ్చింది. నేను ఒక కాలు లోపల పెట్టేసరికి నా చెయ్యి పట్టుకుని కిందకి లాగింది.

"నువ్వెక్కడికి? పోయి పని చూసుకో. నేను వెళ్తాను."

"అత్తయ్యా, ఇవాళే వద్దు. మీ నోరు ఇంకా..."

"నోటితో నడపనుగా బస్సు," అని ఎక్కేసింది.

తలుపు మూసుకుంది. ఆవిడ కడ్డీ పట్టుకుని, ఇంకో చేత్తో సంచీ గుండెలకి హత్తుకుని, ఎదర అద్దంలోంచి రోడ్డునే చూస్తూ నిలబడింది. కూర్చోమని ఎవరో లేచి సీటిచ్చారు, ఆవిడ చూడనే లేదు. పెదాలు కదులుతున్నాయి. స్టాపులు లెక్కపెట్టుకుంటోంది కాబోలు. బస్సు మలుపు తిరిగేదాకా నిలబడి, క్లినిక్‌కి వెనక్కి నడిచాను.

ఆ పూటంతా గొట్టం పట్టుకున్నానే గానీ ప్రాణం ప్రాణంలో లేదు. ఇంటికి ఫోను చేస్తే ఎత్తలేదు. మళ్ళీ చేశాను, ఎత్తలేదు. ఎక్కడ దిగిపోయిందో, దారి అడగడానికి భాష కూడా రాదే అని పేషెంటు మారినప్పుడల్లా ఫోనే చూసుకున్నాను. ఇంకో పేషెంటు అయ్యాక, ఇక పరిగెత్తుకుపోదామని మాస్కు తీస్తుంటే, ఫోను మోగింది.

"చేరాను," అంది అత్తయ్య. ఆయాసపడుతోంది.

"ఇంతసేపు ఏమైపోయారు అత్తయ్యా? ప్రాణాలు పోయాయిక్కడ."

"ఒక స్టాపు ముందే దిగిపోయాను. నడిచొచ్చాను." కాసేపు ఏదో నములుతున్న చప్పుడు వినిపించింది. "ఏం ఫర్వాలేదులే. రెండేళ్ళుందిగా. నేర్చుకుంటాను."